పాత బండి వెనక బ్రేకు పట్టట్లేదా: షూ మార్చాలా, లైనింగ్ వేయించాలా, డ్రమ్ము చూపించాలా, డిస్కు పెట్టించాలా

పాత బండికి వెనక బ్రేకు పట్టట్లేదని షెడ్డుకి తీసుకెళ్తే మెకానిక్ ముందు రాడ్ చివర ఉన్న నట్టు నాలుగు తిప్పులు తిప్పి "అయిపోయిందన్నా, పో" అంటాడు, పది రోజులు తిరక్కుండా పెడల్ మళ్లీ కిందకి పోతుంది, మళ్లీ వెళ్తే ఈసారి షూ (డ్రమ్ముకి ఆని చక్రాన్ని ఆపే ముక్క) అంటాడు, షూ వేశాక కూడా పట్టకపోతే హబ్బు (చక్రం నడిమి భాగం) పోయింది డిస్కు పెట్టించుకో అనేవాళ్లు కూడా తగుల్తారు. ఈ నాలుగిట్లో మన బండికి ఏది కావాలో పూర్తిగా తెలియాలంటే చక్రం విప్పాల్సిందే గానీ, విప్పకముందే సగం సంగతి చెప్పే గుర్తులు కొన్ని ఉన్నాయి, అవి తెలిస్తే షాపులో నిలబడి బేరం ఆడేటప్పుడైనా పనికొస్తాయి. నా మాట ఒక్కటే, డబ్బులు తీసేముందు కొలిపించాల్సింది డ్రమ్ము, అంటే హబ్బులో షూలు రాసుకునే గుండ్రటి గిన్నె లాంటి భాగం. షూ ఎంత అరిగిందో కంటికే కనపడుతుంది, డ్రమ్ము అరగడం కనపడదు, అక్కడే అందరి డబ్బులూ పోతున్నాయి.

ఇక్కడ నేను చెప్పేది ఎక్కువగా వెనక డ్రమ్ము బ్రేకు ఉన్న బళ్ల గురించి, అంటే స్ప్లెండర్, ప్యాషన్, సీడీ 100, ప్లాటినా, పాత పల్సర్ 150, ఆర్‌ఎక్స్ 100, పాత బుల్లెట్ లాంటివి. వెనక డిస్కు ఉన్న పాత పల్సర్ 220, అపాచీ లాంటివాళ్లకి చివర్లో కొంచెం చెప్తా.

ముందు లోపల ఏముందో చూద్దాం. పెడల్ తొక్కితే రాడ్ బ్రేక్ ఆర్మ్‌ని లాగుతుంది, ఆర్మ్ డ్రమ్ము లోపల ఉన్న క్యామ్‌ని తిప్పుతుంది, క్యామ్ రెండు షూలని విడదీసి డ్రమ్ముకి ఆనిస్తుంది, కాలు తీసేస్తే స్ప్రింగులు షూలని వెనక్కి లాగేస్తాయి, అంతే. ఇందులో ఫ్లూయిడ్ (బ్రేకు ఆయిల్) లేదు, ఎయిర్ పట్టడం లేదు, కాబట్టి రాడ్ పిన్ను ఊడిపోతేనో స్టే రాడ్ (షూలు కూర్చునే బ్రేక్ ప్లేటు తిరక్కుండా పట్టే కడ్డీ) బోల్టు పోతేనో తప్ప ఉన్నట్టుండి ఫెయిల్ అవ్వడం అనేది దాదాపు ఉండదు, చాలా రోజుల నుంచి చెప్తూనే ఉంటుంది, మనమే వినం.

పెడల్ కిందదాకా పోతోంది, నట్టు టైట్ చేస్తే మళ్లీ పడుతోంది అంటే షూ అరుగుతోంది లేదా డ్రమ్ము అరుగుతోంది. పెడల్ గట్టిగానే ఉంది, ఎంత తొక్కినా బండి మాత్రం జారిపోతూనే ఉంది అంటే లైనర్ (షూ మీద ఉండే, అరిగే లైనింగ్ పొర) మీద ఆయిలో గ్రీజో పడింది లేదా వేడికి లైనర్ పైభాగం అద్దంలా నున్నగా అయిపోయింది. తొక్కింది వదిలినా బ్రేకు వదలట్లేదు, చక్రం బిగుసుకుంటోంది, హబ్బు మీద చెయ్యి పెడితే కాలుతోంది అంటే క్యామ్ తుప్పు పట్టింది, వానాకాలం అయ్యాక ఈ కేసులు ఎక్కువ. తొక్కినప్పుడు పెడల్ కాలికింద ఎగిరెగిరి పడుతోంది అంటే డ్రమ్ము గుండ్రం తప్పింది. వాన నీళ్లు లోపలికి పోయి కాసేపు పట్టకపోవడం అనేది వేరే సంగతి, మెల్లగా పోతూ నాలుగైదు సార్లు తొక్కితే ఆరిపోతుంది, దానికి ఎవరికీ డబ్బులు ఇవ్వక్కర్లేదు.

ఇంకో గుర్తు బండి మీదే ఉంటుంది, చాలామందికి తెలియదు. బ్రేక్ ఆర్మ్ దగ్గర చిన్న బాణం గుర్తు, దాని ఎదురుగా బ్రేక్ ప్లేటు మీద ఒక గీతో గుర్తో ఉంటాయి. పెడల్ పూర్తిగా తొక్కించి చూడండి, బాణం వెళ్లి ఆ గుర్తుకి ఎదురొచ్చిందా, ఇక టైట్ చేయడం ఆపేసి షూ మార్చమని కంపెనీవాడు చెప్తున్నట్టు.

నట్టు టైట్ చేసి సరిపెట్టడం

ఖర్చు లేని పని, పెడల్ ఫ్రీ ప్లే 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఉండేలా పెట్టుకోవాలి, అంటే రెండు వేళ్ల మందం మించకుండా పెడల్ ఊరికే కదిలి ఆ తర్వాత బ్రేకు అందుకోవాలి. సెంటర్ స్టాండ్ వేసి చక్రం చేత్తో తిప్పితే ఎక్కడా రాసుకోకుండా తిరగాలి. బాణం ఇంకా గుర్తుకి రాలేదు, రాడ్ మీద మరలు ఇంకా మిగిలున్నాయి అంటే ఇది చాలు, షెడ్డుకి పోవడం కూడా దండగ.

నట్టు రాడ్ చివరిదాకా వచ్చేశాక మాత్రం కొంతమంది చేసే పని ఒకటుంది, అది తెలుసుకోవాలి. క్యామ్ చివర సన్న పళ్లు ఉంటాయి, ఆర్మ్ వాటి మీద కూర్చుంటుంది. ఆర్మ్ పీకి ఒక పన్ను వెనక్కి జరిపి మళ్లీ బిగిస్తే రాడ్‌కి కొత్తగా బోలెడు మరలు దొరుకుతాయి, పెడల్ పైకి వచ్చేస్తుంది, కస్టమర్ సంతోషం, మెకానిక్‌కి ఐదు నిమిషాల్లో వంద రూపాయలు. లోపల ఏమవుతోంది అంటే క్యామ్ ఉండాల్సిన దానికన్నా ఎక్కువ తిరిగి దాని అంచు మీద నిలబడుతుంది, ఒకసారి గట్టిగా తొక్కితే వెనక్కి రాకుండా చక్రం లాక్ అయ్యే ప్రమాదం ఉంది. పైగా ఆ బాణం గుర్తు కూడా అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది. మా బాబాయి దగ్గరున్న పాత 100 సీసీ బండికి ఊళ్లో ఒకతను ఇలాగే చేశాడు, కొత్త షూ వేశాం బాబాయి బ్రేకు బానే ఉంది అన్నాడంట, నేను వెళ్లి చూస్తే పూర్తిగా తొక్కినప్పుడు ఆర్మ్‌కీ రాడ్‌కీ మధ్య కోణం తొంభై డిగ్రీలు ఎప్పుడో దాటిపోయి ఆర్మ్ ముందుకి వాలిపోతోంది. విప్పితే షూ నిజంగానే కొత్తది, డ్రమ్ము అంచున మాత్రం గోరు తగిలించి లాగితే టక్కున ఆగేంత మెట్టు ఉంది. వెర్నియర్ (సన్నగా కొలిచే పరికరం) పెడితే 111 మిల్లీమీటర్లు దాటింది, ఆ డ్రమ్ముకి 110 అసలు సైజు.

షూ మార్చడం

చాలా పాత బళ్లకి ఇదే సరైన పని, ఖర్చు కూడా భరించేదే, మామూలు 100 సీసీ బండికి మంచి షూ సెట్టు ఊరిని బట్టి రెండొందల నుంచి నాలుగొందల మధ్య, బిగించడానికి ఇంకో వందో నూటయాభయ్యో. లైనర్ మందం 2 మిల్లీమీటర్ల దగ్గరికి వచ్చిందంటే మార్చేయాలి, ఇంకా కొంచెం ఉంది కదా అని ఆగితే అల్యూమినియం షూ వెళ్లి డ్రమ్ముని గీకేస్తుంది, అప్పుడు మూడొందల పని కాస్తా వేలల్లోకి పోతుంది.

కంపెనీ షూనా లోకల్‌దా అంటే, కంపెనీ షూ లేదా కంపెనీలకే షూలు చేసిచ్చేవాళ్లవి. ఏఎస్‌కే లాంటి వాళ్లు బళ్ల కంపెనీలకి షూలు సప్లై చేస్తారు, వాళ్ల పేరుతోనే బజార్లో కూడా దొరుకుతాయి, కంపెనీ డబ్బాకన్నా కొంచెం చవగ్గా వస్తాయి, నిశ్చింతగా వేయించుకోవచ్చు. డబ్బా మీద పేరే లేనిది, ఎనభైకీ తొంభైకీ ఇచ్చేది వద్దు, వాటిల్లో లైనర్ ఒకటి మరీ మెత్తగా ఉండి రెండు నెలల్లో పిండి అయిపోతుంది, ఇంకొకటి మరీ గట్టిగా ఉండి కీచుమని అరుస్తూ డ్రమ్ముని తినేస్తుంది. హైదరాబాద్‌లో అయితే కోఠి పుత్లీబౌలి వైపు, విజయవాడలో అయితే ఆటోనగర్‌లో ఏ మోడల్‌ది కావాలన్నా దొరుకుతుంది, పాత షూ చేత్తో పట్టుకెళ్లి పక్కన పెట్టి వెడల్పు కూడా చూసుకోండి, డయా (గుండ్రం అడ్డకొలత) ఒకటే అయినా వెడల్పు తేడా ఉన్నవి ఉన్నాయి.

షూ మార్చేటప్పుడు మెకానిక్‌తో కచ్చితంగా చేయించాల్సినవి ఉన్నాయి, ఇవి చేయకపోతే కొత్త షూ వేసి కూడా లాభం తక్కువ. క్యామ్ పూర్తిగా బయటికి తీయించి తుప్పు తుడిపించి పల్చగా గ్రీజు పెట్టించాలి, ఎదురుగా ఉండే పిన్నుకి కూడా, ఎక్కువ పెడితే అదే గ్రీజు వేడికి కరిగి లైనర్ మీదకి వస్తుంది. క్యామ్ దాని రంధ్రంలో అటూ ఇటూ ఊగుతోంటే బుష్ (ఆ రంధ్రంలోని చిన్న గొట్టం) అరిగినట్టు, అప్పుడు షూ ఒక పక్కే ఆనుతుంది. స్ప్రింగులు సాగిపోయి ఉంటే వాటినీ మార్చాలి, అదెంత, ఇరవై ముప్పై రూపాయలు. అక్కడున్న నల్ల పొడిని కంప్రెసర్ గాలితో ఊదనివ్వకండి, పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తుల్లోకి పోతే మంచిది కాదు, తడి గుడ్డతో తుడవమనండి, మెకానిక్ నవ్వుతాడు, నవ్వనీయండి.

ఇంకోటి, యాక్సిల్ నట్టు చివరిగా బిగించేటప్పుడు పెడల్ తొక్కి పట్టుకుని బిగించాలి. అలా చేస్తే బ్రేక్ ప్లేటు డ్రమ్ము మధ్యలోకి వచ్చి కూర్చుంటుంది, రెండు షూలూ సమానంగా ఆనతాయి, ఒక్క నిమిషం పని. స్టే రాడ్ బోల్టుకి స్ప్లిట్ పిన్ను తప్పకుండా ఉండాలి, పాత బళ్లలో సగానికి పైగా అక్కడ పిన్ను బదులు ఇనప తీగో, ఏమీ లేకపోవడమో చూస్తుంటా. ఆ బోల్టు ఊడితే బ్రేకు వేసినప్పుడు ప్లేటు మొత్తం చక్రంతో పాటు తిరిగి రాడ్‌ని మెలేసి పారేస్తుంది, అది నిజంగా బ్రేకు ఫెయిల్.

కొత్త షూ వేసిన రోజే పూర్తిగా పట్టలేదని గొడవ పడకండి, లైనర్ డ్రమ్ము గుండ్రానికి సర్దుకోడానికి కొన్ని రోజులు పడుతుంది, ఆ కొన్ని రోజులు మరీ గట్టిగా తొక్కకుండా నెమ్మదిగా ఆపుతూ వాడండి, తర్వాత నట్టు ఇంకోసారి అడ్జస్ట్ చేయించండి.

ఆయిల్ తాగిన షూని పెట్రోల్‌తో కడిగి అగ్గిపుల్ల గీసి కాల్చి మళ్లీ బిగించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పై ఆయిల్ కాలుతుంది, లోపలికి ఇంకింది అలాగే ఉంటుంది, వేడెక్కగానే మళ్లీ పైకి వస్తుంది. వద్దు, కొత్తది వేయండి, ఆయిల్ ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడండి, ఎక్కువగా చైన్‌కి కొట్టిన స్ప్రే ఎగిరిపడిందో, బేరింగ్ సీల్ పోయి గ్రీజు కారిందో అయి ఉంటుంది. నున్నగా అయిన లైనర్‌ని మాత్రం ఎమిరీ పేపర్‌తో రుద్దితే కొన్నాళ్లు పనిచేస్తుంది, మందం ఉంటేనే సుమా.

పాత షూకే లైనింగ్ వేయించడం

స్ప్లెండర్ లాంటి బళ్లకి ఇది చేయించకండి, కొత్త షూకి పెద్ద తేడా లేని ధరకి రిస్కు కొనుక్కోవడం అవుతుంది. పాత లైనర్ గీకి, గమ్ము పెట్టి, క్లాంపు వేసి ఓవెన్‌లో వేడిచేసి అతికించాలి అది సరిగ్గా చేస్తే. ఎండలో ఆరబెట్టి ఇచ్చే చోట వేయిస్తే ఒకరోజు లైనర్ షూ నుంచి ఊడి డ్రమ్ముకీ షూకీ మధ్య ఇరుక్కుంటుంది, బండి అరవైలో పోతుండగా వెనక చక్రం లాక్ అయితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

కానీ పాత యెజ్డీ, రాజ్‌దూత్ లాంటి బళ్లు పెట్టుకున్నవాళ్లకి ఇది మంచి దారే. ఆ పాత యెజ్డీ తయారీ 1996లోనే ఆగిపోయింది, అప్పటి ఒరిజినల్ షూలు దొరకవు, దొరికే డూప్లికేట్లు షూ బాడీయే సరిగ్గా ఉండదు. ఒరిజినల్ అల్యూమినియం షూ మీ దగ్గరుంటే దాన్ని పారేయకుండా ఓవెన్ ఉన్న బ్రేక్ లైనింగ్ షాపులో వేయించుకోవడం నయం. ఇంకో లాభం ఏంటంటే డ్రమ్ము కొంచెం పెద్దదయి ఉంటే దానికి తగ్గట్టు మందం లైనర్ వేయించి లేత్ మీద డ్రమ్ము సైజుకి తీయించుకోవచ్చు, డబ్బాలో వచ్చే షూతో ఇది కుదరదు.

డ్రమ్ము పని

షూ కొత్తది వేసినా నట్టు మళ్లీ రాడ్ చివరికే వస్తోందంటే అనుమానమే లేదు, డ్రమ్ము అరిగింది. డ్రమ్ము లోపలో అంచునో మ్యాక్స్ డయా (ఇంతకన్నా పెద్దది కాకూడదనే కొలత) అని అంకె పోతపోసి ఉంటుంది, మామూలుగా 110 డ్రమ్ముకి 111, 130 డ్రమ్ముకి 131. పాత స్ప్లెండర్ వెనక 110, పల్సర్ 150 వెనక 130. అంటే ఒక్క మిల్లీమీటరు, అంతే మనకున్న వాటా. ఆ ఒక్కటి దాటితే షూ గుండ్రం చిన్నది, డ్రమ్ము గుండ్రం పెద్దది అయిపోయి లైనర్ మధ్యలో మాత్రమే ఆనుతుంది, చివర్లు గాల్లో ఉంటాయి.

గీతలు పడ్డాయి, గుండ్రం కొంచెం తప్పింది, కానీ సైజు ఇంకా లోపలే ఉంది అంటే లేత్ మీద పల్చగా తీయించొచ్చు, తీశాక కూడా మ్యాక్స్ డయా దాటకూడదు, అంటే అవకాశం చాలా తక్కువ బళ్లకే. ఇక్కడ ఒక కిటుకు, స్పోక్స్ చక్రం అయితే స్పోక్స్ విప్పి ఖాళీ హబ్బు ఇచ్చి తీయించకండి. స్పోక్స్ బిగించినప్పుడు అవి హబ్బుని లాగుతాయి, ఖాళీగా ఉన్నప్పుడు గుండ్రంగా తీసింది బిగించాక మళ్లీ గుండ్రం తప్పుతుంది. రిమ్ముతో సహా చక్రం మొత్తం ఎక్కే పెద్ద లేత్ ఉన్నచోటికే ఇవ్వాలి, అందుకే వీధి చివర చిన్న లేత్ వాళ్ల దగ్గర ఈ పని అవ్వదు, ఆటోనగర్ లాంటి చోటికి పోవాల్సి వస్తుంది.

సైజు దాటిపోతే హబ్బు మార్చడమే. స్పోక్స్ చక్రానికి కొత్త హబ్బు, వీలైతే కొత్త స్పోక్స్, రిమ్ము కట్టించే కూలీ, బేరింగులు, షూ, అన్నీ కలిపి చూసుకుంటే షూ ధరకి చాలా రెట్లు అవుతుంది గానీ బ్రేకు కొత్త బండిలా అవుతుంది, బాబాయి బండికి చివరికి ఇదే చేయించాం. అల్లాయ్ వీల్ అయితే డ్రమ్ము దాంట్లోనే పోతపోసి ఉంటుంది కాబట్టి చక్రం మొత్తం మార్చాలి, అప్పుడు పాత సామాన్ల దుకాణంలో అదే మోడల్ చక్రం వెతుక్కోవడం తెలివైన పని, వెర్నియర్ తీసుకెళ్లి అక్కడే కొలవండి, లేకపోతే మీ అరిగిన చక్రం ఇచ్చి ఇంకొకరి అరిగిన చక్రం తెచ్చుకున్నట్టే.

బుల్లెట్ వాళ్లకి వేరే లెక్క. పాత మోడల్లో వెనక డ్రమ్మూ చైన్ స్ప్రాకెట్టూ ఒకటే ముక్క, పళ్లు అరిగితే డ్రమ్ము కూడా పోయినట్టే, డ్రమ్ము అరిగితే స్ప్రాకెట్టు కూడా కొత్తది వచ్చేస్తుంది. అందుకని చైన్ స్ప్రాకెట్ సెట్టు మార్చే టైము దగ్గర్లో ఉందనుకుంటే డ్రమ్ము లేత్ పని మీద డబ్బు పెట్టకుండా రెండూ కలిపి ఒకేసారి కానిచ్చేయండి.

డిస్కు పెట్టించడం

కుర్రాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే, నేను వద్దనే అంటా. డిస్కు ఉన్న హబ్బు కావాలి, డిస్కుని నొక్కే క్యాలిపర్, దాన్ని పట్టే బ్రాకెట్, ఫ్లూయిడ్‌ని తోసే మాస్టర్ సిలిండర్, దానికి సరిపోయే పెడల్, హోస్, బ్రేక్ లైట్ స్విచ్, ఇవన్నీ వేరే బండివి తెచ్చి వెల్డింగులు పెట్టి కూర్చోబెట్టాలి, చైన్ లైను తప్పకుండా చూడాలి, ఆ బ్రాకెట్ వెల్డింగు మీద మీ ప్రాణం ఆధారపడి ఉంటుంది. ఇంతా చేసి లాభం ఎంత అంటే, బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందుకి పోతుంది, వెనక చక్రం తేలికైపోతుంది, 2.75-18 టైరున్న వంద సీసీ బండికి మంచి డ్రమ్మే చక్రాన్ని లాక్ చేసి జార్చగలదు, అంతకన్నా ఎక్కువ బలం పెట్టి ఏం చేస్తారు. ఆ డబ్బులో సగం పెట్టి వెనక మంచి టైరు వేయించి ముందు బ్రేకు సరిచేయించుకుంటే బండి ఇంకా తక్కువ దూరంలో ఆగుతుంది.

చట్టం సంగతి కూడా ఉంది, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కంపెనీ ఇచ్చిన దానికి భిన్నంగా బండిని మార్చడాన్ని ఒప్పుకోదు. పాత బండికి పదిహేనేళ్లు నిండాక ఆర్‌సీ రెన్యువల్‌కి బండిని ఆర్‌టీవో ఆఫీసులో చూపించాలి, అక్కడ వెల్డింగు పెట్టిన డిస్కు చూసి ఏమంటారో అది మీ అదృష్టం, యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్‌ వాళ్లకి ఒక సాకు దొరికినట్టు. మీ బండికే కంపెనీ వెనక డిస్కు వేరియంట్ అమ్మి ఉంటే, ఆ సామానంతా వెల్డింగు లేకుండా బోల్టుల మీద కూర్చుంటే, అప్పుడు కొంచెం ఆలోచించొచ్చు, అదీ బండి మీద ప్రేమ ఉంటేనే.

ఇక పుట్టుకతోనే వెనక డిస్కు ఉన్న పాత బళ్లకి. పెడల్ స్పాంజిలా మెత్తగా ఉండి రెండు మూడు సార్లు కొడితే గట్టిపడుతోంది అంటే ఎయిర్ పట్టింది, ముందు బ్లీడింగ్ (లోపలి గాలి తీయడం) చేయించి ఫ్లూయిడ్ మార్చి చూడండి, మిగతావన్నీ తర్వాత. ఫ్లూయిడ్ గాల్లో తేమ పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లకోసారి మార్చాలి, డాట్ 4 కొత్తది 230 డిగ్రీలు దాటితే గానీ మరగదు, తేమ పట్టిన దానికి 155 డిగ్రీలు చాలు. పెడల్ తొక్కి అలాగే పట్టుకుంటే మెల్లగా కిందకి దిగిపోతోంది, ఎక్కడా లీకు లేదు అంటే మాస్టర్ సిలిండర్ లోపల రబ్బర్లు పోయాయి, కిట్టు వేయొచ్చు, సిలిండర్ లోపల గీతలు ఉంటే మాత్రం కిట్టు దండగ, మొత్తం మార్చాలి. వదిలినా డిస్కు పట్టుకునే ఉంటే క్యాలిపర్ పిస్టన్ తుప్పో, జారే పిన్నులు ఎండిపోవడమో, దీనికి శుభ్రం చేయించి సీల్ కిట్టు వేయిస్తే ఎక్కువసార్లు సరిపోతుంది. రబ్బర్లని పెట్రోల్‌తో కడగనివ్వద్దు, ఉబ్బిపోతాయి.

దారిలో ఉండగానే వెనక బ్రేకు పోయిందంటే గేరు తగ్గించుకుంటూ ఇంజిన్ బ్రేకింగ్ మీద, ముందు బ్రేకు మెల్లగా పడుతూ దగ్గర్లో ఉన్న షెడ్డు దాకా పోవచ్చు, వెనక ఎవరినీ ఎక్కించుకోకండి, ఘాట్ దిగాల్సి ఉంటే మాత్రం అక్కడే ఆపేసి ఆటో ట్రాలీ మాట్లాడుకోండి.

షెడ్డులో పని అయ్యాక పాత షూలు అడిగి తీసుకోండి, చాలామంది అక్కడే డబ్బాలో పడేసి వస్తారు. లైనర్ అంతా సమానంగా అరిగిందా, షూ మార్చడంతో పని అయిపోయింది. మధ్యలోనే మెరిసి రెండు చివర్లూ కొత్తగా ఉన్నాయా, డ్రమ్ము పెద్దదయింది, వెర్నియర్ తెమ్మనండి. లోపలి అంచు ఒకలా బయటి అంచు ఒకలా ఏటవాలుగా అరిగిందా, క్యామ్ బుష్ చూపించండి. రెండిట్లో ఒకటి కొంచెం ఎక్కువ అరిగితే కంగారు పడకండి, చక్రం తిరిగే వైపు ఉన్న షూ ఎక్కువ పని చేస్తుంది, అది ముందు అరగడం మామూలే.